అమ్మాన్‌కి మోసుకెళ్లిన దరఖాస్తు

జోర్డాన్ వెళ్లొచ్చానని చెబితే మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ ముందు అడిగింది అక్కడి బంగారం ధర. ఆ తర్వాత ఒంటెల గురించి. నేను రెండూ చూడలేదు. వారం రోజుల్లో నేను చూసినవి కొండలు, వాటిమీద వరసలుగా తెల్లరాతి ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య మెట్లు, ఏ గుమ్మం తొక్కినా చేతికొచ్చే టీ గ్లాసు. వెళ్లిన పని పరిశోధనకు నిధులు అడగడం. అడగడానికి వెళ్లినవాళ్లు ఇంత నిండుగా తిరిగొస్తారని నాకెవరూ చెప్పలేదు. అందుకే వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం

నేను ఇబ్రహీంపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. ఇల్లు హయత్‌నగర్‌లో. మా నాన్న గుడివాడ వైపు నుంచి వచ్చి ప్లాటు కొన్నప్పుడు మా కాలనీ అంతా తుమ్మచెట్లేనట. ఇప్పుడు రోజూ బస్సు కిటికీలోంచి నేను చూసేది వెంచర్ల బోర్డులు. సోమవారం క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉంటే పిల్లలు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తండ్రులతో వెళ్లారని అర్థం. అందరి నోటా గజం ఎంత అన్న మాటే.

అవే ఊళ్లలోంచి కొందరు గల్ఫ్‌కి వెళ్తున్నారు. భర్తలు అలా వెళ్లాక ఇక్కడ మిగిలిన భార్యల గురించి నేను నాలుగేళ్లుగా చిన్న చిన్న వ్యాసాలు రాస్తున్నాను. పెద్దగా చేయాలంటే నిధులు కావాలి. ఇక్కడ అడిగిన రెండు చోట్లా రాలేదు. అప్పుడు హాలా ఉత్తరం రాసింది. హాలా జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతుంది. ఢిల్లీలో ఒక శిక్షణ తరగతిలో పది రోజులు నా పక్క కుర్చీలో కూర్చుంది. అప్పటి నుంచి స్నేహం. అరబ్బు దేశాల్లో సామాజిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే ఒక మండలి దరఖాస్తులు పిలిచిందట. ప్రధాన పరిశోధకులు అరబ్బు దేశంవాళ్లే కావాలి, కానీ పనివాళ్లను పంపే దేశాల నుంచి ఒక భాగస్వామిని చేర్చుకోవచ్చు. ఎవరి ఊళ్లో వాళ్లం కూర్చుని ఇద్దరం మూడు నెలలు రాశాం. ఎంపిక జాబితాలో పేరు వచ్చింది. అమ్మాన్‌కి రమ్మన్నారు. రెండు రోజులు తరగతులు, రెండు రోజులు సెలవు, ఐదో రోజు ముగ్గురు నిర్ణేతల ముందు ఇరవై నిమిషాలు మాట్లాడాలి.

మా ప్రిన్సిపాల్ గారు సెలవు చీటీ మీద సంతకం పెడుతూ, "అరబ్బులు మనకెందుకిస్తారమ్మా డబ్బు? మన దగ్గరే భూముల మీద ఇంత తిరుగుతుంటే" అన్నారు.

యాచారం వైపు ఊళ్లకు నేను తిరిగేది నర్సింహ ఆటోలో. నేను జోర్డాన్ వెళ్తున్నానని చెప్పగానే అతను ఆటో నెమ్మది చేశాడు.

"జోర్డానా మేడం? మా ఇంటామె స్వరూప ఆడ్నే ఉన్నది. బట్టల కంపెనీల కుడుతది. మూడేండ్లాయె."

రెండేళ్లుగా అతని ఆటో ఎక్కి, భర్తలు దూరంగా ఉన్న ఇళ్లు వెతుక్కుంటూ తిరిగాను. నీ ఇంట్లో ఎవరెవరున్నారని అతన్ని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. మర్నాడు అతను ఒక కాగితం పొట్లం తెచ్చిచ్చాడు. లోపల ముళ్లు వేసిన దారం.

"మా బిడ్డ కొలతలు మేడం. ఇది భుజం, ఇది నడుం, ఇది పొడుగు. నేనే తీసిన. ఫోన్ల చెప్తే ఆమెకు నమ్మకం లేదు. గౌను కుడుతదంట."

ఆ పొట్లం చేతిసంచిలో పెట్టుకున్నాను.

విమానంలో

నా పక్క సీట్లో కామారెడ్డి వైపు మనిషి. గల్ఫ్‌కి ఐదోసారి వెళ్తున్నాడు, తాపీపని. "ఏం పని మీద పోతున్నవ్ అక్కా?" అని అడిగాడు. దరఖాస్తు, నిధులు, నిర్ణేతలు అని నేను చెప్పుకొచ్చింది ఓపిగ్గా విన్నాడు.

"అంటే అరబ్బోళ్ల కాడ పైసలు అడగనీకి పోతున్నవ్. మేం గూడ గంతే గద!" అని గట్టిగా నవ్వాడు. దిగేముందు మాత్రం నవ్వకుండా చెప్పాడు: "జర గట్టిగ అడుగు అక్కా. మెల్లగ అడిగితే ఎవ్వడియ్యడు."

విమానం మారేచోట నా పెట్టె ఎక్కడో ఆగిపోయింది. అమ్మాన్‌లో నేను కట్టుబట్టలతో, చేతిసంచితో దిగాను. బయట హాలా నిలబడి ఉంది. పెట్టె రాలేదని చెబితే నన్ను వాటేసుకుని, "మంచిదే, మా అమ్మకు పని దొరికింది" అంది.

ఉమ్ సామీ ఇల్లు

అక్కడ పెద్ద కొడుకు పేరుతో తల్లిని పిలుస్తారు. హాలా వాళ్లమ్మ అలా ఉమ్ సామీ, అంటే సామీ తల్లి. మనవైపు కూడా ఫలానావాళ్లమ్మ అనే పిలుస్తాం కదా అని చెబితే ఆవిడ సంతోషపడింది. డెబ్బై ఏళ్లకు దగ్గర. నాకు అరబ్బీ రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. హాలా అటూ ఇటూ తిప్పి చెబుతుంటే మా మాటలు నడిచాయి.

తన పొడుగాటి నల్లగౌను ఒకటి తీసి నాకు తొడిగింది. ఛాతీ మీద ఎర్రదారం పనితనం. నేను పొట్టిదాన్ని, గౌను నేల ఊడుస్తోంది. ఆవిడ నన్ను పీట మీద నిలబెట్టి, కింద కూర్చుని, టీ మరిగేలోపు అంచు చుట్టూ మడిచి కుట్టేసింది. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

"కువైట్‌లో పదహారేళ్లు కుట్టింది. యుద్ధమప్పుడు అందరం తిరిగొచ్చేశాం. నాకప్పుడు పదేళ్లు" అంది హాలా, ఎన్నోసార్లు చెప్పిన సంగతి చెప్పినట్టు.

టీలో పాలు పోయరు. సేజ్ అనే ఒక ఆకు వేస్తారు, కాస్త కర్పూరం వాసన. మొదటి గుక్క కషాయంలా అనిపించింది. మూడో రోజుకి నేనే అడిగి పోయించుకున్నాను.

కప్పు ఊపాలి

బుధవారం పొద్దున తరగతుల దగ్గర ఒక పెద్దాయన ఇత్తడి పాత్రతో తిరుగుతూ చిన్న చిన్న కప్పుల్లో యాలకుల కాఫీ పోస్తున్నాడు. తాగాను. మళ్లీ పోశాడు. మర్యాద కాదని మళ్లీ తాగాను. ఐదు కప్పులయ్యేసరికి గుండె దడదడలాడుతోంది. పక్కనున్న సూడాన్ పరిశోధకుడు నవ్వాపుకోలేక, "చాలనుకుంటే కప్పుని ఇలా ఊపి ఇవ్వాలి. లేకపోతే సాయంత్రం దాకా పోస్తూనే ఉంటాడు" అని చూపించాడు. మన పెళ్లిభోజనాల్లో విస్తరి మడిస్తే తప్ప వడ్డన ఆగదని నేనతనికి చెప్పాను. ఇద్దరికీ నచ్చింది.

మన సెమినార్లలో దీపం వెలిగించి, శాలువాలు కప్పి, ముఖ్య అతిథి మాట్లాడేసరికి భోజనాల వేళవుతుంది. అక్కడ లెబనాన్ నుంచి వచ్చిన శిక్షకురాలు లోపలికొస్తూనే, "మీ ప్రశ్నని మీ ఇంట్లో పెద్దావిడకి రెండు వాక్యాల్లో చెప్పండి. చెప్పలేకపోతే మీకే తెలియదన్నమాట" అంది. ఆ వాక్యాలతోనే రెండు రోజులు గడిచాయి. మొరాకో నుంచి ఇరాక్ దాకా మనుషులున్నారు. ఒకాయనకు సర్వే చేయడానికి అనుమతి దొరకదు. ఒకావిడ ఎవరితో మాట్లాడితే వాళ్లకు ప్రమాదం. యెమెన్ ఆయన ప్రయాణం చేయలేక వీడియోలో వచ్చాడు, రెండుసార్లు కరెంటు పోయి మాయమయ్యాడు, రెండుసార్లూ క్షమించమని అడుగుతూ తిరిగొచ్చాడు. ఇబ్రహీంపట్నంలో కూర్చుని నా కష్టాలే కష్టాలనుకున్న నాకు వాళ్ల పక్కన కూర్చోవడం మేలు చేసింది.

శిక్షకురాలు ఒక నియమం మూడుసార్లు చెప్పింది: ఎంపికయ్యాక విషయం మార్చకూడదు.

శుక్రవారం బజారు

అక్కడ వారపు సెలవు శుక్రవారం. హాలా తన పాత కారులో నన్ను గంట దూరంలో ఉన్న కార్ఖానాల ఊరికి తీసుకెళ్లింది. బజారు నిండా సెలవు దొరికిన ఆడపిల్లలు: బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, మనవాళ్లు. స్వరూప ఫోన్‌లో చెప్పిన గుర్తు ప్రకారం సబ్బుల దుకాణం ముందు నిలబడి ఉంది. సన్నగా, చురుగ్గా, ముప్ఫైకి లోపే.

దారం ఇచ్చాను. ఒక్కో ముడీ వేళ్లతో తడుముకుంటూ పోయింది. పొడుగు కొలతను తన నడుం దగ్గర పెట్టి చూసుకుంది.

"గింత పొడుగైందా మేడం?" అంది. చాలాసేపు ఆ దారాన్ని అక్కడే పట్టుకుని నిలబడింది. తర్వాత జేబులో పెట్టుకుని నా గౌను వైపు చూసి, వంగి అంచు పట్టుకుంది. "ఇది ఎవరు కుట్టిన్రు? చేతికుట్టా? మెషిన్ లెక్క ఉన్నది!"

హాలా వాళ్లమ్మ అని చెప్పాను. స్వరూప హాలాకి దండం పెట్టింది.

బంగ్లాదేశ్ వాళ్ల చిన్న హోటల్లో పప్పు, అన్నం, వంకాయ కూర తిన్నాం. ముగ్గురికీ మూడు దినార్లు. దినారంటే మన నూరు రూపాయల పైమాటే. నన్ను ఇవ్వనివ్వలేదు. "మా ఊరి నుంచి వచ్చినవ్, నీ చేత పైసలు పెట్టిస్తనా?" అంది. అప్పటిదాకా మేడం, మీరు అంటున్న పిల్ల ఆ ఒక్కసారి నన్ను నువ్వు అనేసింది. నాకది భోజనం కంటే బాగుంది.

నా పరిశోధన గురించి చెప్పి, ఎలా ఉందని అడిగాను. నిజానికి మెచ్చుకుంటుందనుకున్నాను.

"మొగోళ్లు పోతే ఆడోళ్లు ఎట్ల ఉంటరని రాస్తున్నరు. మంచిదే. గని నేను పోయిన గద మేడం, నన్ను ఏడ రాస్తరు?"

మరి నీకైతే ఏం రాస్తే బాగుంటుందని అడిగాను.

"తిరిగి పోయినంక ఏమైతదో గది రాయుండ్రి. ఈడ నేను లైన్ సూపర్‌వైజర్‌ని. అందరు నా మాట ఇంటరు. వచ్చే ఏడు ఇంటికి పోత. పోయినంక? మళ్ల అత్త చెప్పినట్ల పొయ్యికాడ కూసునుడేనా? మా ఆయన మంచోడు. మూడేండ్ల సంది ఆయనే వండుతుండు, ఆయనే బిడ్డకు జడలేస్తుండు. ఇగ ఆ ఇంట్ల నా జాగ ఏది? గది నాకు మస్తు ఫికర్ మేడం. ఎవ్వరికి చెప్పలే."

హాలా కోసం ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

మెట్లు

శనివారం ఉదయం పాత బజారులో తిరుగుతున్నాం. అమ్మాన్‌లో ఒక వీధి నుంచి పై వీధికి వెళ్లాలంటే నూరు మెట్లు ఎక్కాల్సిందే. సగంలో ఆగి చెప్పేశాను: మన ప్రతిపాదనలో తిరిగొచ్చే ఆడవాళ్లు లేరు, వాళ్లను చేర్చాలి.

"నియమం విన్నావు కదా" అంది హాలా.

"విన్నాను."

"ఇది నా మూడో దరఖాస్తు. జూన్‌లో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఇది రాకపోతే నాకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. నీకు ఇంటికెళ్తే ఉద్యోగం ఉంది పద్మా."

నిజమే. ఆ నిజం ముందు నా ఉత్సాహం నాకే చవకగా కనిపించింది. మెట్ల మీదే కూలబడ్డాం. అరదినారు పెట్టి కొన్న ఫలాఫెల్, అంటే శనగల వడలు చుట్టిన రొట్టె, తింటున్నాం. పక్కనే గుండీలు, దారాలు అమ్మే కొట్టు. ముసలాయన లోపల్నుంచి రెండు పీటలు తెచ్చి మా పక్కన పెట్టి, హాలాతో ఏదో అని వెళ్లిపోయాడు.

"ఏమన్నాడు?"

"రాయి చల్లగా ఉంటుందట. పోట్లాడుకునేది పీటల మీద కూర్చుని పోట్లాడుకోమన్నాడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ తగువు తేలలేదు.

ఇంటికి వెళ్లేసరికి నా పెట్టె వచ్చి గుమ్మంలో ఉంది. మధ్యాహ్నం భోజనానికి ఉమ్ సామీ మక్లూబా చేసింది. అన్నం, వంకాయ, కోడిమాంసం పొరలుగా వండి, గిన్నెను పళ్లెంలోకి బోర్లిస్తారు. అది విరిగిపోకుండా నిలబడితే అందరూ చప్పట్లు కొట్టాలి. మేం కొట్టలేదు. ఏమైందని అడిగింది ఆవిడ. హాలా అరబ్బీలో చెప్పింది, స్వరూప మాటలతో సహా.

ఉమ్ సామీ చెంచా కింద పెట్టింది. చాలాసేపు మాట్లాడింది. హాలా ముందు గబగబా చెప్పడం మొదలెట్టి, పోనుపోను ఆగి ఆగి చెప్పింది.

"తిరిగొచ్చినప్పుడు అందరూ ఏం పోయిందని అడిగారట. ఇల్లా, కారా అని. కుట్టు మిషన్ల గురించి ఒక్కరూ అడగలేదట. అక్కడ అమ్మ దగ్గర ఆరుగురు పనిచేసేవారట. ఇక్కడికొచ్చాక తాతయ్య వాళ్లింట్లో... మూడేళ్లు సూది పట్టుకోనివ్వలేదట. బయటివాళ్లకు కుట్టిపెడితే పరువు తక్కువని." హాలా ఆగి తల్లి వైపు చూసింది. అరబ్బీలో ఏదో అంది. తల్లి ఒక్క మాటలో జవాబిచ్చింది.

"నాకిది తెలియదన్నాను" అంది హాలా నాతో. "నువ్వు అడగలేదు అంటోంది."

ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం భోజనాల బల్ల మీదే మా కాగితాలు పరుచుకుని మళ్లీ రాశాం. మార్చుదామని నేను మళ్లీ అనలేదు. హాలాయే కలం తీసుకుంది.

ఇరవై నిమిషాలు

ఆదివారం నా పట్టుచీర కట్టుకుని వెళ్లాను. ముగ్గురు నిర్ణేతలు. హాలా మొదటి వాక్యమే ఇలా మొదలెట్టింది: "మేం పంపిన ప్రతిపాదనలో ఒక లోపం ఉంది. మొన్న శుక్రవారం తెలిసింది."

మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. "లోపం ఉందని చెప్పి డబ్బు అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు" అని నవ్వాడు. ఆయన పక్కనావిడ మాత్రం నవ్వలేదు. నియమం గుర్తుచేసి, "వచ్చే ఏడాది కొత్తగా పెట్టుకోవచ్చు కదా?" అంది.

"వచ్చే ఏడాది ఆమె ఇంటికి వెళ్లిపోతుంది" అంది హాలా. "వెళ్లకముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి మాట్లాడాలి. ఇప్పుడు కాకపోతే సగం పోతుంది."

ఈ ప్రశ్న ఎవరిదని ఆవిడ నన్నడిగింది. నేను ఉద్వేగంలో ఆ అమ్మాయి అసలు పేరు, పనిచేసే చోటు అన్నీ చెప్పేశాను. ఆవిడ రాసుకోవడం ఆపింది. "ఈ పేరు ఇక్కడ చెప్పడానికి ఆమె ఒప్పుకుందా?"

ఒప్పుకోలేదు. నేను అడగనేలేదు. ఇంటి దగ్గర విద్యార్థులకు ప్రతి ఏడూ చెప్పే మొదటి పాఠమది. తప్పయిందని చెప్పి, ఆ కాగితం మీంచి పేరు కొట్టేయమని వేడుకున్నాను. ఆవిడ కొట్టేసి నాకు చూపించింది. ఆ మేలు నేను మరిచిపోను. మీరు చదువుతున్న స్వరూప అనే పేరు ఆ సాయంత్రం ఫోన్ చేసి క్షమాపణ అడిగినప్పుడు ఆమె ఎంచుకున్నది. నర్సింహ పేరు కూడా ఆమెనే పెట్టమన్నాను. నవ్వుతూ పెట్టింది.

మళ్లీ ఇబ్రహీంపట్నం

ఆరు వారాలకు జవాబొచ్చింది. నియమం తప్పినందుకు పెద్ద నిధి ఇవ్వలేదు. తిరిగొచ్చే స్త్రీల మీద తొలి అధ్యయనానికి ఒక ఏడాది చిన్న నిధి ఇచ్చారు. హాలాకి ఏడాది జీతం, నాకు తిరుగుడు ఖర్చులు. నేను ఆ ఉత్తరం చదివింది బస్సులో, వెంచర్ల బోర్డుల మధ్య. పక్కనున్నావిడ ఏమైందమ్మా అని అడిగేదాకా ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

నర్సింహకు చెబితే అద్దంలోంచి నా వైపు చూశాడు. "ఆమె వచ్చినంక ఏమైతదో రాస్తరు. మరి నన్ను గూడ అడుగుతరా మేడం?"

"అడుగుతాను."

"అయితే జర టైం వడతది. చెప్పనీకి మస్తున్నయ్."

పోయిన వారం హాలా మొదటి రికార్డింగ్ పంపింది. మాట్లాడింది వాళ్లమ్మ. నాలుగు గంటలు. ఇంగ్లీషులో రాసి పంపడానికి ఇంకా సమయం పడుతుందట. ఆగలేక స్టాఫ్‌రూమ్‌లో చెవులకు పెట్టుకుని విన్నాను. కువైట్ అన్న ఒక్క మాట తప్ప నాకేమీ అర్థం కాలేదు. మొదట్లో హాలా ప్రశ్న వెనుక ప్రశ్న అడుగుతోంది, నిర్ణేతల ముందు మాట్లాడిన గొంతుతో. తల్లి పొడిపొడిగా జవాబిస్తోంది. గ్లాసులో టీ పోసిన చప్పుడు. ఆ తర్వాత ఎక్కడో హాలా అడగడం మానేసింది. ముసలావిడ గొంతు ఒక్కటే ఆగకుండా సాగిపోయింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. గంట కొట్టారు, క్లాసుకు వెళ్లాలి. నేను కదల్లేదు.